పెద్ద పండగ ఉత్తరాలు

శ్రీకాకుళం జిల్లాలో సంక్రాంతిని పెద్ద పండగ అంటాం. నేను పనిచేసిన సముద్ర తాబేళ్ల సంరక్షణ సంస్థలో ఆ పండగకు ఒక పని తప్పకుండా జరగాల్సిందే. ఆ ఏడాది మాకు సాయం చేసిన ప్రతి ఒక్కరికీ భోగి లోపు ఒక ఉత్తరం అందాలి. 2013లో నన్ను లెక్కలు చూడటానికి తీసుకున్నారు. చేతిరాత గుండ్రంగా ఉందని సంస్థను నడిపే మా సార్ ఆ ఉత్తరాల పని కూడా నాకే అప్పగించారు. కోవిడ్ వచ్చిన మరుసటి పండగ దాకా నా జనవరి నెలలన్నీ వాటితోనే మొదలయ్యాయి.

చిన్న సంస్థ. సోంపేట దగ్గర రెండు గదుల అద్దె ఇల్లు, ఒక పాత కంప్యూటర్, సీజన్‌లో మాత్రమే జీతం ఇవ్వగలిగిన కొందరు కుర్రాళ్లు. హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ ఉన్న దాతలకు డిసెంబర్‌లో ఈమెయిల్ వెళ్లేది, అది సార్ ఇంగ్లీషులో రాసుకునేవారు. పండగ ఉత్తరం మాత్రం తెలుగులో, చేత్తో రాయాలి.

మొదటి ఏడు నేను ఒక నమూనా రాసుకుని అందరికీ అదే దించాను. "మీరు అందించిన అమూల్యమైన సహకారానికి హృదయపూర్వక ధన్యవాదాలు" అని. సార్ నాలుగైదు చదివి పక్కన పెట్టేశారు. "ఆయన ఇచ్చింది మెష్ అమ్మా. మెష్ అని రాయి. ఆ మెష్ వల్ల ఏమైందో రాయి. ఏమైందో తెలియకపోతే వెళ్లి చూసి వచ్చి రాయి" అన్నారు. కోప్పడలేదు, మామూలుగానే అన్నారు. నేను సముద్రం ఒడ్డుకు రాత్రిపూట వెళ్లడం అలా మొదలైంది. అంతకుముందు నాకు సముద్రమంటే కార్తీక మాసంలో స్నానానికి వెళ్లే చోటు, అంతే.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా. అంటే పండగ అరిసెల పాకం పట్టే రోజుల్లోనే మా సీజన్ కూడా మొదలయ్యేది. తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, అలలు అందని చోటు చూసుకుని, వెనక కాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి తవ్వుతుంది. నూటికి అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. గొయ్యి పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఆ ఇసుకను గట్టిగా అదిమేసి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. మొత్తం గంటలో అయిపోతుంది. గుడ్లు పెట్టేటప్పుడు దాని కళ్ల నుంచి నీళ్లు కారతాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుందని సార్ చెప్పారు. కారణం తెలిశాక కూడా మొదటిసారి చూసినప్పుడు నేను ఆ కన్నీళ్లను మామూలుగా చూడలేకపోయాను.

తెల్లారేలోపు ఆ గుడ్ల వాసన కుక్కలకు, నక్కలకు తెలిసిపోతుంది. అందుకే మా వాళ్లు గుడ్లు తీసి హేచరీకి, అంటే గుడ్లు పొదగడానికి ఒడ్డున కట్టుకున్న కంచెలోకి తెచ్చి, మళ్లీ అదే లోతులో, అదే ఆకారంలో గొయ్యి తీసి పెట్టేవారు. సోంపేటలో హార్డ్‌వేర్ షాపు ఉన్న పెద్దమనిషి ఇచ్చిన ఆకుపచ్చ మెష్ ఆ హేచరీ చుట్టూ కట్టేవాళ్లం. పైకి కనిపించేది నడుమెత్తు. కనిపించనిది అడుగు లోతున ఇసుకలో పాతినది. కుక్క తవ్వుకుంటూ వస్తే ఆ పాతిన భాగం దగ్గరే ఆగిపోతుంది. ఒక రాత్రి అలా తవ్విన గుంట బయట, లోపల ఒక్క గూడు కూడా చెదరకపోవడం చూసి, ఆ మర్నాడే ఆయనకు ఉత్తరం రాశాను. ఆయన దాన్ని షాపులో లక్ష్మీదేవి పటం పక్కన చాలాకాలం ఉంచుకున్నారు.

ఆ తర్వాత ఎవరికి రాయాలన్నా వాళ్లు ఇచ్చినదేమిటో వెళ్లి చూసేదాన్ని. టార్చిలైట్ల అద్దాలకు ఎర్ర జిలాటిన్ కాగితం అతికించి ఇచ్చిన సెల్‌ఫోన్ షాపు కుర్రాడు ఉన్నాడు. తెల్లటి వెలుగు పడితే ఒడ్డెక్కిన తాబేలు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది, ఎర్ర వెలుగుకు అంత బెదరదు. పలాసలో జీడిపప్పు బట్టీ ఉన్న వ్యాపారి రాత్రి కాపలా కుర్రాళ్లకు పప్పు పొట్లాలు పంపేవారు. కవిటి వైపు ఒక రైతు తన తోటలో సరుగుడు కర్రలు కొట్టుకోనిచ్చేవారు. పిల్లల్ని రాత్రిపూట తీరానికి పంపడానికి అన్ని టెన్షన్లూ తన మీద వేసుకుని ఒప్పుకున్న డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ గారు, పిలవగానే వచ్చే ఫారెస్టు బీట్ ఆఫీసరు, ఇలా పెరుగుతూ పోయేది జాబితా.

వీళ్లందరిలో నాకు చాలా ఇష్టమైన మనిషి ఒక ఆటో డ్రైవరు. దూరంగా పెట్టిన గూళ్ల నుంచి గుడ్లు హేచరీకి రావాలంటే ఆయన ఆటోయే దిక్కు. తాబేలు గుడ్డును పెట్టిన కొద్ది గంటల్లోనే కదపాలి. ఆ తర్వాత లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డు తిరగబడినా, గట్టిగా కుదిపినా చచ్చిపోతుంది. ఈ సంగతి ఆయనకు ఎవరో ఒకసారి చెప్పారు. అప్పటి నుంచి ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా లేచి వచ్చేవాడు. గుడ్ల బకెట్‌ను తడి ఇసుకతో సహా సీటు మీద పెట్టి, నన్నో ఇంకొకరినో దాన్ని పట్టుకోమని, ఆ గతుకుల రోడ్డు మీద నడిచే మనిషికన్నా నిదానంగా తోలేవాడు. డీజిల్ డబ్బులు తప్ప ఏమీ తీసుకునేవాడు కాదు. "బాలింతని తీసుకెళ్తన్నట్టుంటాది పాపా" అనేవాడు. ఆయనకు రాసిన ఉత్తరంలో ఆ ఏడాది ఆయన ఆటోలో వచ్చిన గూళ్లలోంచి ఎన్ని పిల్లలు బయటికి వచ్చాయో అంకె వేసి రాశాను. ఆ అంకె కింద ఆయన కూతురు స్కెచ్ పెన్నుతో తాబేలు బొమ్మ వేసిందట.

అసలు రాయాల్సినవాళ్లు వేరే ఉన్నారు. జాలర్లు. వాళ్లు మా జాబితాలో మొదట్లో ఒకే ఒక్క వరుసగా ఉండేవారు, "మత్స్యకార సోదరులు" అని. దాని మీద కూడా సార్ గీత పెట్టారు.

తాబేలు నీళ్లలో బతికినా ఊపిరి కోసం పైకి రావాల్సిందే. వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే మునిగి చచ్చిపోతుంది. తెప్ప మీద వెళ్లినవాళ్ల వలలో పెద్ద తాబేలు పడి గింజుకుంటుంటే దాన్ని విడిపించడానికి చాలాసార్లు ఒకటే దారి, వల కోయడం. నైలాన్ వల వేల రూపాయలు. దాన్ని మళ్లీ అల్లుకోవడానికి పోయే రోజులు వేట లేని రోజులు. రాత్రి సముద్రం మీద, చూసేవాళ్లు ఎవరూ లేని చోట, ఒక మనిషి తన సొంత వలను కత్తితో కోసి తాబేలును వదిలేశాడంటే అంతకన్నా పెద్ద విరాళం నాకు తెలియదు. మా రసీదు పుస్తకంలో దానికి కాలమ్ లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది, తాబేలు అందులో అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉంది, చంపితే జైలు. అవన్నీ నిజమే. కానీ ఆ నీళ్ల మీద ఆ రాత్రి ఏ చట్టమూ లేదు, ఆ మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఎవరు వల కోశారో కనుక్కోవడమే నాకు పెద్ద పనయ్యేది. వాళ్లు చెప్పుకోరు. ఆడవాళ్లు చేపలు ఎండబెట్టే చోట కూర్చుని మాటల్లో మాటగా అడిగేదాన్ని. భోగి ముందు రోజు సార్, నేను ఊరూరా తిరిగి ఆ ఉత్తరాలు చదివి వినిపించేవాళ్లం. చాలామందికి చదువు రాదు, అందుకని పోస్టులో వేస్తే లాభం లేదు. బారువ వైపు ఒక ఊళ్లో గంగమ్మ గుడి అరుగు మీద పదిమంది ముందు ఒక పెద్దాయన పేరు చదివి, ఫలానా నెలలో ఫలానా చోట మీ వల కోసి తాబేలును వదిలారు, దానికి మేము రుణపడి ఉన్నాం అని చదివాను. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నాను ఎవులికీ సెప్పనేదు. నీకెవులు సెప్పినారు పాపా?"

"మీ కోడలు చెప్పింది తాతా."

ఆయన తల దించుకుని నవ్వాడు. "కూర్మనాథుడు కదా, సంపితే ఏటొస్తాది" అన్నాడు.

ఆ మాట వెనక ఒక గుడి ఉంది. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే శ్రీకూర్మం మా జిల్లాలోనే, శ్రీకాకుళం పట్నానికి దగ్గరలో ఉంది. వలలో పడిన తాబేలుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని వదిలే ఇళ్లు ఈ తీరంలో ఇప్పటికీ ఉన్నాయి. పట్నాల్లో జరిగే మీటింగుల్లో జాలరిని తాబేలు పాలిటి శత్రువుగా చూపిస్తుంటే నాకు కడుపు మండేది. అయితే భక్తి ఉంది కదా అని వల ఖర్చంతా ఆయన నెత్తినే వేయడం కూడా న్యాయం కాదు. మహారాష్ట్రలో 2018 డిసెంబర్ నుంచి, రక్షిత జీవిని వదలడానికి వల కోసుకున్న జాలరికి 25 వేల రూపాయల దాకా పరిహారం ఇచ్చే పథకం నడుస్తోంది. మన దగ్గర కూడా అలాంటిది కావాలని సార్ ప్రతి సభలోనూ అడిగేవారు. నేను ఇప్పటికీ అడుగుతున్నాను.

ఒడ్డుకు ఎనిమిది కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని నియమం. అది తప్పిన రోజుల తర్వాత తీరం మీద చచ్చిన తాబేళ్లు ఎలా పడి ఉండేవో నేను ఇక్కడ రాయను. వాటిని లెక్కపెట్టి, కొలిచి, గొయ్యి తీసి పూడ్చిన కుర్రాళ్లకు కూడా పండగ ఉత్తరం వెళ్లేది. ఆ ఉత్తరాలు రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉండేది. ఒక బోటు ఓనరుతో మాకు పెద్ద గొడవే జరిగింది. అదే ఆయన, ఒకరోజు మా మీటింగుకు వచ్చి, వలలోంచి తాబేలు బయటపడేందుకు అమర్చే చట్రాన్ని చేత్తో తిప్పి తిప్పి చూసి, రొయ్య ఎంత పోతుందని గంటసేపు వాదించి వెళ్లారు. ఆయనకూ రాయమన్నారు సార్. "అంత దూరం వచ్చి గంటసేపు వాదించినందుకు కృతజ్ఞతలు" అని నిజంగానే రాశాం. మరుసటి మీటింగుకు ఆయన ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. మా ఉద్దానం ప్రాంతమంటే కొబ్బరి, జీడిమామిడి. ఒక్క రాత్రిలో అవి రెండూ పడుకున్నాయి. మా జాబితాలో ఉన్న సరుగుడు రైతు తోట పోయింది. జీడిపప్పు వ్యాపారి బట్టీ కప్పు ఎగిరిపోయింది, పైగా మున్ముందు కొనడానికి జీడి పిక్కే లేదు. తెప్పలు విరిగాయి, వలలు ఇసుకలో కూరుకుపోయాయి. కొబ్బరి చెట్టు కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసినవాళ్లు ఆ పడిపోయిన చెట్ల మధ్య నిలబడి మాట్లాడకుండా చూస్తుండేవారు.

అప్పటికే ఆ సీజన్ హేచరీల కోసం దాతలు పంపిన డబ్బు మా దగ్గర ఉంది. తాబేళ్లకని ఇచ్చిన డబ్బు వేరే దానికి వాడటం తప్పు. సార్ ఒక్కొక్క దాతకూ ఫోన్ చేసి అడిగారు, ఇందులో కొంత వలలకు, టార్పాలిన్లకు ఇవ్వనిస్తారా అని. అడిగినవాళ్లలో కాదన్నవాళ్లు లేరు. మా జిల్లా నుంచే వెళ్లి అమెరికాలో స్థిరపడిన ఒకావిడ, ఏటా వాళ్లమ్మ పేరు మీద పెద్ద పండగకు డబ్బు పంపేవారు. ఎప్పుడూ ఫొటోలు అడగలేదు. ఈసారి మాత్రం ఫోన్‌లో ఏడ్చేశారు. "మా ఇంటి వెనక చెట్లున్నాయా పడిపోయాయా, ఎవరైనా వెళ్లి చూస్తారా" అని అడిగారు. మా కుర్రాడు వెళ్లి చూసి వచ్చాడు. రెండు మిగిలాయి. ఆ సంగతే ఆవిడకు ఉత్తరంలో మొదటి వాక్యంగా రాశాను.

2019 పండగకు ఏమని రాయాలో తోచలేదు. ఇల్లు కూలినవాళ్లకు శుభాకాంక్షలని ఎలా రాస్తాం? జనవరి మొదటి వారంలో హేచరీ కట్టడానికి చేతిలో డబ్బు తక్కువ, కర్రలు లేవు. ఒక ఉదయం వెళ్లేసరికి అక్కడ అప్పటికే గుంజలు పాతి ఉన్నాయి. తుపానుకు పడిన సరుగుడు కర్రలు మోసుకొచ్చి, మేము వలలు ఇచ్చిన ఊరివాళ్లే కంచె కట్టేశారు. పాడైపోయి వేటకు పనికిరాని వల ముక్కలు కుట్టి మెష్‌కు బదులు చుట్టారు. కూలి అడగలేదు, చేస్తున్నామని ముందు చెప్పనూ లేదు. వల కోసిన ఆ తాత కూడా అక్కడే ఉన్నాడు, ముడులు సరిగ్గా వేయడం లేదని కుర్రాళ్లను తిడుతూ. ఆ ఏడు ఉత్తరాలు రాయడానికి మళ్లీ తడుముకోలేదు. ఎవరు ఎన్ని కర్రలు మోశారో అడిగి రాసుకున్నాను.

ఆ మరుసటి పెద్ద పండగ ఇంకోలా గుర్తుంది. మా తీరం మగవాళ్లు చాలామంది బతుకుతెరువుకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 చివర్లో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర జాలర్లను సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర మన దేశంలోకి వచ్చారు. పండగకు వారం ముందు. ఆ వారం మేము ఏ ఊరెళ్లినా తాబేళ్ల మాట ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఉత్తరాలు పక్కన పెట్టి టీవీల ముందు కూర్చున్నాం. ఆ ఒక్క ఏడు ఉత్తరాలు కనుమ దాటాక అందాయి.

ఆ మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. గుడ్లు ఇసుకలో ఉన్నాయి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి, అవి ఎవరి కోసమూ ఆగవు. ఇద్దరు కుర్రాళ్లను తీరానికి వెళ్లనిచ్చిన ఒక హోంగార్డు ఉన్నారు. తర్వాతి పండగకు ఆయనకు రాసినదే నేను ఆ సంస్థ తరఫున రాసిన ఆఖరి ఉత్తరాల్లో ఒకటి. పెళ్లయ్యాక నేను విశాఖ వచ్చేశాను.

అక్కడి వాళ్లతో ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి. 2025 జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ తీరంలో ఒక తాబేలు గుడ్లు పెట్టింది. దాని ముంజేతికి ట్యాగ్ ఉంది, 03233 అని. 2021లో ఒడిశా తీరంలో వేసిన ట్యాగ్ అది. తూర్పు తీరం తాబేలు అటు పడమటి తీరానికి, సుమారు 3,500 కిలోమీటర్లు ఈదుకుంటూ వెళ్లింది. తూర్పువి తూర్పునే, పడమటివి పడమటనే ఉంటాయని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. ఈ వార్త తాతకు ఫోన్ చేసి చెప్పాను. "మన కుర్రోలు రైలెక్కి ఎల్తారు, అది ఈదుకుంటా ఎల్లింది. అంతే కదేటి" అన్నాడు. కాసేపాగి, "వలల్నించి ఎలా తప్పించుకుందో" అన్నాడు. ఆ ఫిబ్రవరిలో ఒడిశాలోని రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఒడ్డుకు దాదాపు ఏడు లక్షల తాబేళ్లు వచ్చాయి. అక్కడికి మా సోంపేట నుంచి రైల్లో ఒక పూట ప్రయాణం కూడా లేదు. ఆ ఏడు లక్షల్లో మా ముందు నుంచి ఈదుకుంటూ వెళ్లినవి, ఎవరో వల కోసి వదిలినవి ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ విశాఖ బీచ్ రోడ్డు వైపే. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు చీకట్లో ఎటు ఎక్కువ వెలుగుంటే అటు నడుస్తాయి. వెనకటికి ఆ వెలుగు సముద్రానిదే. ఇప్పుడు మనవి రోడ్డు లైట్లు, మేడల ఫోకస్ లైట్లు. అవి పొరపాటున రోడ్డెక్కి చక్రాల కింద పడతాయి. ఈ సంగతి మా అసోసియేషన్ సెక్రటరీ గారికి పోయిన జనవరిలో చెప్పాను. విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మాట తక్కువ మనిషి. విని ఊరుకున్నారు. వారం తర్వాత చూస్తే టెర్రస్ మీద సముద్రం వైపున్న నాలుగు ఫోకస్ లైట్లూ రాత్రి తొమ్మిదికల్లా ఆరిపోతున్నాయి. ఏప్రిల్ నెలాఖరు దాకా అలాగే నడిపించారు. సెక్యూరిటీ ఏమవుతుందని మీటింగులో అడిగినవాళ్లకు ఆయనే జవాబు చెప్పుకున్నారు. మెట్ల దగ్గర, కిందికి మాత్రమే వెలుగు పడేలా చిన్న లైట్లు వేయించారు, ఆ ఖర్చు కూడా మెయింటెనెన్సులో వేయకుండా.

ఈ పండగకు ఆయనకు ఉత్తరం రాశాను. నాలుగు లైట్లు, రాత్రి తొమ్మిది గంటలు, జనవరి నుంచి ఏప్రిల్, మెట్ల దగ్గర చిన్న లైట్లు, అన్నీ పేరుపేరునా. అరిసెల డబ్బాతో పాటు ఇచ్చాను. ఆయన నిలబడే రెండుసార్లు చదువుకున్నారు. పక్క బిల్డింగు వాళ్ల లైట్లు ఇంకా పెద్దవని, వాళ్ల సెక్రటరీ తనకు తెలుసునని, కనుమ వెళ్లగానే ఇద్దరం కలిసి వెళ్దామని అన్నారు.